జిల్లేడు దగ్గర పులులు, కాకులు: రంగుని నమ్మకుండా సీతాకోకచిలుకని గుర్తుపట్టడం ఎలా

మీ ఇంటి పక్క ఖాళీ ప్లాటులోనో, రోడ్డు వారనో ఒక జిల్లేడు చెట్టు ఉండే ఉంటుంది. దాని చుట్టూ నారింజ రంగు సీతాకోకచిలుక తొందర లేకుండా తిరుగుతుంటే, పుస్తకం తిరగేసినవాళ్లెవరైనా ‘ప్లెయిన్ టైగర్’ అనేస్తారు. నేనూ అలాగే రెండేళ్ల పాటు ఫొటోలు తీసి, అదే పేరుతో ఫోల్డర్లో దాచుకున్నాను. ఒక ఆదివారం వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, అందులో కొన్ని అసలు ఆ గుంపుకే చెందినవి కావని తేలింది. రంగు అదే, సైజు అదే, ఎగిరే తీరు కూడా ఇంచుమించు అదే. తేడా అంతా వెనక రెక్క మీది నల్ల చుక్కల్లో ఉంది. వాటిని నేను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

ఆ పొరపాటు మీకు జరగకూడదని ఇది రాస్తున్నాను. మనం పట్టుకోబోయేది డనైనే అనే ఉపకుటుంబాన్ని. ఇది నింఫాలిడే అనే పెద్ద కుటుంబంలో ఒక శాఖ. ఉష్ణమండలమే వీటి అసలు ఇల్లు. ఇంగ్లీషులో వీటికి టైగర్లు, క్రోలు అని పేర్లు, అంటే పులులు, కాకులు. వీటిలో చాలావాటి పిల్లలు పాలు కారే మొక్కల్ని తిని పెరుగుతాయి. ప్లెయిన్ టైగర్‌కి జిల్లేడు, కామన్ క్రోకి గన్నేరు, సుగంధిపాల, మర్రి, రావి. జిల్లేడు పాలలో ఉండే విషం గొంగళిపురుగు ఒంట్లో చేరి, రెక్కలొచ్చాక కూడా అలాగే ఉంటుంది. తిన్న పక్షి కక్కుకుని, మళ్లీ ఆ రంగు జోలికి రాదు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఆ రంగుకి అంత విలువ ఉంది కాబట్టి, విషం లేని సీతాకోకచిలుకలు కూడా ఆ వేషం కట్టాయి. కాబట్టి ఈ గుంపులో అన్నిటికన్నా తేలిగ్గా మోసం చేసేది రంగే. కాళ్లు, రెక్కల అంచులు, మగవాటి మచ్చలు చూడటం అలవాటు చేసుకోవాలి.

ముందుగా, ఎవరెవరిని వెతకాలి

ఆంధ్ర, తెలంగాణల్లో మీకు ఎదురయ్యేవి ముఖ్యంగా ఏడు. డనాస్ ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు, ఇంగ్లీషులో జీనస్) రెండు: ప్లెయిన్ టైగర్, స్ట్రైప్డ్ టైగర్. రెండూ నారింజవే. స్ట్రైప్డ్ టైగర్ రెక్కల్లో ఈనెల వెంట నల్లటి గీతలు లావుగా ఉంటాయి, ప్లెయిన్ టైగర్‌కి ఉండవు.

నలుపు మీద లేత నీలం చారలున్నవి బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్. వీటి ప్రజాతి పేరు తిరుమల! ఫ్రెడెరిక్ మూర్ అనే శాస్త్రవేత్త 1880లో పెట్టిన పేరిది. లాటిన్ పేర్లంటే టెన్షన్ పడేవాళ్లు కూడా ఇదొక్కటి మర్చిపోరు. డార్క్ బ్లూలో చారలు సన్నగా, నలుపు ఎక్కువగా ఉంటుంది. రెండూ ఒకే పొద మీద వాలినప్పుడు పోల్చి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది, విడివిడిగా చూస్తే మొదట్లో తికమకే.

గ్లాసీ టైగర్ ప్రజాతి పరంటికా. దాని చారలు గాజులా సగం పారదర్శకంగా ఉంటాయి, తడి, నీడ ఉన్న అడవి అంచుల్లో తిరుగుతుంది. చివరగా యూప్లోయియా ప్రజాతి కాకులు: కామన్ క్రో, డబుల్ బ్రాండెడ్ క్రో. రెండూ ముదురు గోధుమ రంగువే, రెక్కల అంచుల వెంట తెల్ల చుక్కలుంటాయి.

ఫొటో తీసేటప్పుడు

వల అవసరం లేదు, పట్టుకోవద్దు కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చాలా సీతాకోకచిలుకలకి రక్షణ ఇస్తోంది. పైగా మనకి కావలసినవన్నీ ఫోన్ కెమెరాలో దొరుకుతాయి.

ఉదయం ఎనిమిది నుంచి పదకొండు లోపు వెళ్లండి. ఎండ ముదిరితే ఇవి ఒకచోట నిలవవు. మీ నీడ దాని మీద పడకుండా నిలబడండి, నీడ కదిలితే ఎగిరిపోతుంది. మీటరున్నర దూరం నుంచి జూమ్ చేసి తీస్తూ, ఒక్కో అడుగు దగ్గరికి జరగండి. మూడు ఫొటోలు తప్పనిసరి: రెక్కలు మూసినప్పుడు పక్క నుంచి ఒకటి, రెక్కలు విప్పినప్పుడు పైనుంచి ఒకటి, కాళ్లు, తల స్పష్టంగా కనిపించేలా ఒకటి. చాలామంది రెండోది ఒక్కటే తీసి ఊరుకుంటారు. అందంగా వచ్చేది అదే, కానీ పనికొచ్చేది ఎక్కువగా మొదటిది.

కాళ్లు లెక్కపెట్టండి

కీటకానికి ఆరు కాళ్లు అని చిన్నప్పుడే చదువుకున్నాం. ప్లెయిన్ టైగర్ పువ్వు మీద వాలినప్పుడు లెక్కపెట్టండి, నాలుగే కనిపిస్తాయి. ముందరి జత చిన్నగా కుంచించుకుపోయి, రొమ్ముకి ఆనించి ముడుచుకుని ఉంటుంది. నింఫాలిడే కుటుంబంలో దాదాపు అన్నీ ఇంతే.

ఆ చిన్న కాళ్లు పనికిరానివనుకోకండి. ఆడది గుడ్డు పెట్టే ముందు ఆకు మీద వాలి, ముందుకాళ్లతో ఆకుని టకటకా తడుతుంది. అది కావలసిన మొక్కేనా అని అలా రుచి చూసి తెలుసుకుంటుంది. డనైనేలో ఆడవాటి ముందుకాలు చివర గుండ్రంగా చిన్న గదలా ఉబ్బి ఉంటుంది. మీ జిల్లేడు దగ్గర ఓపిగ్గా పావుగంట నిలబడితే ఈ తట్టడం కళ్లారా చూడొచ్చు. ఒక ఆకు తట్టి వదిలేస్తుంది, ఇంకో ఆకు తడుతుంది, అప్పుడు పొట్ట వంచి ఒకే ఒక్క గుడ్డు అంటిస్తుంది.

ఇప్పుడు అసలు ఉపయోగం. ఆరు కాళ్ల మీదా నిలబడి ఉంటే, దాని రంగు ఎలా ఉన్నా సరే, అది డనైనే కాదు. ఈ ఒక్క పరీక్షతో కామన్ మైమ్ అనే గట్టి వేషధారి దొరికిపోతుంది. అది స్వాలోటెయిల్స్ కుటుంబానిది, ఆరు కాళ్లూ వాడుతుంది. దానికి రెండు రూపాలున్నాయి. ఒకటి అచ్చం కామన్ క్రోలా గోధుమ రంగులో ఉంటుంది, రెండోది అచ్చం బ్లూ టైగర్‌లా చారలతో ఉంటుంది. రెండు రూపాలూ ఒకే జాతి! వెనక రెక్క అడుగున అంచు వెంట పసుపు చుక్కల వరస కనిపిస్తే, కాళ్లు కనపడకపోయినా అది మైమ్ అని తేల్చెయ్యొచ్చు. క్రోలకి గానీ టైగర్లకి గానీ ఆ పసుపు ఉండదు.

కాళ్లని ఇలా సాక్ష్యంగా తీసుకోవడం పాత పద్ధతే. హెన్రీ వాల్టర్ బేట్స్ 1848 నుంచి 1859 దాకా అమెజాన్ అడవుల్లో తిరిగి, ఇథోమియా గుంపు రంగుల్ని అచ్చుగుద్దినట్టు వేసుకున్న వేరే కుటుంబపు సీతాకోకచిలుకల్ని గమనించాడు. రంగు కలిసినా ఒంటి నిర్మాణం కలవలేదు. అసలువి నాలుగు కాళ్ల మీద, వేషం కట్టినవి ఆరు కాళ్ల మీద నిలబడేవి. 1862లో ఆయన అచ్చువేసిన వ్యాసం నుంచే ఈ వేషాల మీద శాస్త్రీయమైన ఆలోచన మొదలైంది. ఆ ఇథోమియా గుంపుని ఇప్పుడు డనైనేలోనే కలిపి చూస్తున్నారు, అంటే మన జిల్లేడు మీద వాలినదానికి అవి చుట్టాలే.

తల, రొమ్ము

నాలుగు కాళ్లే ఉన్నాయా? అయితే తలని, రొమ్ముని పెద్దది చేసి చూడండి. డనైనే జాతుల్లో నల్లటి తల మీద, రొమ్ము మీద తెల్లటి చుక్కలు ముగ్గు పెట్టినట్టు స్పష్టంగా ఉంటాయి. ఇక్కడొక జాగ్రత్త: చుక్కలు లేకపోతే అది డనైనే కాదని చెప్పొచ్చు, కానీ చుక్కలున్నంత మాత్రాన డనైనే అని చెప్పలేం. వేషధారుల్లో కొన్ని ఆ చుక్కల్ని కూడా కాపీ కొట్టాయి. మైమ్ ఒంటి మీదా చుక్కలుంటాయి.

మీసాల విషయం క్లుప్తంగా చెబుతాను. డనైనే మీసాల మీద పొలుసులుండవు, నున్నగా ఉంటాయి. మిగతా నింఫాలిడేల మీసాలకి పొలుసులుంటాయి. మ్యూజియంలో భూతద్దం కింద ఇది బలమైన గుర్తు. ఫోన్ ఫొటోలో తేలదు, దీనికోసం సమయం వృథా చేసుకోకండి.

రెక్క అంచు, చుక్కల లెక్క

నా ఫోల్డర్లో దూరిన వేషధారి పేరు డనైడ్ ఎగ్‌ఫ్లై, అందులోనూ ఆడది. మగది చూస్తే వీటికి బంధువని కూడా అనిపించదు. నల్లటి రెక్కల మీద పెద్ద తెల్ల మచ్చలు, వాటి చుట్టూ ఊదా మెరుపు. ఆడది మాత్రం ప్లెయిన్ టైగర్ వేషం. ఇది కూడా నింఫాలిడేనే కాబట్టి కాళ్లు నాలుగే, ఆ పరీక్షకి దొరకదు. దీని పిల్లలు గంగవాయిలి కూర తిని పెరుగుతాయి. ఆంధ్రలో పావిలి కూర, పాయలకూర అంటారు. అది మనం పప్పులో వేసుకునే కూర, విషం లేదు. విషం లేదు కాబట్టే ఈ వేషం.

రెండిటినీ విడదీయడానికి రెండు చోట్ల చూడాలి.

మొదటిది అంచు. ప్లెయిన్ టైగర్ రెక్క అంచు నున్నగా సాగిపోతుంది. ఎగ్‌ఫ్లై అంచు మీద వేలితో గీసినట్టు ఊహించుకోండి, పళ్లు పళ్లుగా తగులుతుంది. పాతబడి చిరిగిన రెక్కల్లో ఈ గుర్తు మోసం చేస్తుంది, అందుకని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

రెండోది, వెనక రెక్క మధ్య భాగంలో నల్ల చుక్కలు. ఆడ ప్లెయిన్ టైగర్‌కి మూడు. మగదానికి నాలుగు. ఆడ ఎగ్‌ఫ్లైకి ఒకటే, అదీ రెక్క పై అంచుకి దగ్గరగా. అంతే! ఒకటి, మూడు, నాలుగు. నేను రెండేళ్లు చూడకుండా వదిలేసింది ఇదే. ఇప్పుడు ఏ నారింజ సీతాకోకచిలుక వాలినా ముందు నా కన్ను అక్కడికే పోతుంది.

ప్లెయిన్ టైగర్ అన్నిచోట్లా ఒకే రంగులో కూడా ఉండదు. ముందు రెక్క కొన మీద నలుపు, తెల్ల పట్టీ లేని రూపం ఒకటుంది, డోరిప్పస్ అంటారు. వెనక రెక్క తెల్లగా ఉండే రూపం ఇంకొకటి, అల్సిప్పస్. చిత్రమేమిటంటే, డోరిప్పస్‌ని కూడా వదలకుండా ఎగ్‌ఫ్లై ఆడవాటిలో ఒక రూపం అలాగే తయారైంది, దాని పేరు ఇనారియా. రంగు ఇన్ని రకాలుగా మారుతున్నా చుక్కల లెక్క మాత్రం ఆదుకుంటుంది.

ఈత, కొబ్బరి చెట్ల నీడలో నారింజ, నలుపు కలిసిన సీతాకోకచిలుక కనిపిస్తే స్ట్రైప్డ్ టైగర్ అని తొందరపడకండి. ఆడ కామన్ పామ్‌ఫ్లై అయి ఉండొచ్చు. రెక్కలు మూసినప్పుడు దాని అడుగుభాగం ఎండుటాకులా గోధుమ రంగు మరకలతో ఉంటుంది. స్ట్రైప్డ్ టైగర్‌కి అడుగున కూడా నారింజ రంగు, నల్ల ఈనెలు కనిపిస్తాయి. పక్క నుంచి ఫొటో ముఖ్యమని అందుకే చెప్పాను.

మగవాటి మచ్చ ఎక్కడుంది?

వర్గీకరణలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. డనైనే మగవాటిలో చాలావాటి రెక్కల మీద ఒక ప్రత్యేకమైన మచ్చ గానీ, చిన్న సంచి గానీ ఉంటుంది. వాసన పదార్థానికి సంబంధించిన పొలుసులు అక్కడ ఉంటాయి. ఆ మచ్చ ఏ రెక్క మీద, ఏ చోట, ఏ ఆకారంలో ఉందో చూస్తే ప్రజాతి తెలిసిపోతుంది.

డనాస్ మగవాటికి వెనక రెక్క మీద, నడిమి భాగానికి కాస్త దిగువన, ఒక ఈనెకి ఆనుకుని చిన్న నల్లటి సంచి ఉంటుంది. ప్లెయిన్ టైగర్‌లో నాలుగో చుక్క అన్నది నిజానికి ఇదే. పైనుంచి దళసరి చుక్కలా, అడుగు నుంచి మధ్యలో తెలుపున్న నల్ల మచ్చలా కనిపిస్తుంది. తిరుమల ప్రజాతికి కూడా వెనక రెక్క మీదే సంచి, అడుగువైపు చిన్న జేబులా పొడుచుకొస్తుంది. గ్లాసీ టైగర్‌కి సంచి ఉండదు, వెనక రెక్క దిగువన ఈనెల వెంట మసి పూసినట్టు నల్లటి మచ్చ ఉంటుంది.

కాకులు వేరే దారి. వాటి మచ్చ ముందు రెక్క మీద ఉంటుంది. కామన్ క్రో మగదానికి ముందు రెక్క వెనక అంచుకి దగ్గర్లో, మఖమల్ ముక్క అతికించినట్టు ఒక చిన్న అడ్డగీత. డబుల్ బ్రాండెడ్ క్రోకి అలాంటివి రెండు, ఒకదాని కింద ఒకటి. ‘డబుల్ బ్రాండెడ్’ అన్న పేరు వాటివల్లే వచ్చింది. వాలినప్పుడు ముందు రెక్క వెనక అంచుని వెనక రెక్క పక్కన సరిగ్గా చూడాలి, సగం విప్పితే ఈ గీత కనపడదు. ఎండ కాచుకోవడానికి పూర్తిగా విప్పేదాకా ఆగండి.

మగవి గుంపుగా దొరకాలంటే ఒక ఉపాయం ఉంది. తేలు తోకలా వంపు తిరిగిన పూగుత్తులుండే కలుపు మొక్క ఒకటి చెరువు గట్ల మీద, పొలాల్లో మొలుస్తుంది, నాగదంతి అంటారు. దాన్ని పీకి ఎండబెట్టి, చెట్టుకొమ్మకి వేలాడదియ్యండి. జనుము ఎండినా సరే. టైగర్లు, క్రోలు వచ్చి ఎండు కాడల మీద వాలి, తొండాలతో తడుముతూ కూర్చుంటాయి. తేనె కోసం కాదు. ఆ మొక్కల్లోని ఆల్కలాయిడ్లనే చేదు రసాయనాల కోసం, వాటితోనే ఇవి ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకుంటాయి. అందుకే వచ్చేవి చాలావరకు మగవే. మా పెరటి దడికి కట్టిన ఒక ఎండు కట్ట మీద ఒకసారి పదకొండు బ్లూ టైగర్లు వాలాయి. అరచేతి దూరంలోకి వెళ్లినా కదల్లేదు, ప్రతిదాని జేబూ స్పష్టంగా కనిపించింది.

అదృష్టం బాగుంటే ఇంకొకటి కనిపిస్తుంది. మగ క్రో పొట్ట చివర నుంచి పసుపు రంగు కుంచెలు రెండు బయటికి తీసి, పూవు విప్పినట్టు విప్పుతుంది. వెంట్రుకలతో చేసిన ఈ కుంచెలు డనైనే మగవాటికి ప్రత్యేకమైన గుర్తు, వాసన చల్లే పరికరం. వేషధారులు చుక్కల్నీ చారల్నీ కాపీ కొట్టాయి గానీ, ఇది మాత్రం వాటి దగ్గర లేదు.

ఈనెలు

రెక్కని వెలుతురుకి ఎదురుగా చూస్తే మొదలు దగ్గర ఈనెల మధ్య ఒక పొడవాటి గది కనిపిస్తుంది. డనైనేలో నాలుగు రెక్కల్లోనూ ఆ గది మూసుకుని ఉంటుంది. ఎగ్‌ఫ్లైలో వెనక రెక్క గది చివర తెరిచే ఉంటుంది. దారిలో రాలిపడిన రెక్క దొరికితే ఇది చూడండి, ఒక్క రెక్క ముక్కతో కూడా పని జరుగుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇక్కడొక మాట. మీ దగ్గర తిరిగే మోనార్క్ కూడా డనాస్ ప్రజాతిదే, మన స్ట్రైప్డ్ టైగర్‌కి దగ్గరి చుట్టం. డాలస్ చుట్టుపక్కల అక్టోబరులో మెక్సికో వైపు వెళ్తూ కనిపిస్తాయి. మగదానికి వెనక రెక్క ఈనె మీద నల్ల చుక్క, ఆడదానికి చుక్క ఉండదు, ఈనెలు లావు. వెనక రెక్కని అడ్డంగా కోసినట్టు ఒక నల్ల గీత ఉంటే అది మోనార్క్ కాదు, వైస్‌రాయ్.

పిల్లలతో సరిచూసుకోండి

పెద్దవాటి దగ్గర తేలకపోతే గొంగళిపురుగుని వెతకండి. డనైనే పురుగుల వీపు మీద కండగల మెత్తటి కొమ్ములు జతలు జతలుగా ఉంటాయి. ముళ్లు కావు, ముట్టుకుంటే ఊగుతాయి. బ్లూ టైగర్, గ్లాసీ టైగర్‌లకి రెండు జతలు. ప్లెయిన్ టైగర్, స్ట్రైప్డ్ టైగర్‌లకి మూడు జతలు. కామన్ క్రోకి నాలుగు జతలు. ఎగ్‌ఫ్లై పురుగు ఒళ్లంతా ముళ్లే, పొరపడే అవకాశమే లేదు.

ప్యూపాలు (పురుగు సీతాకోకచిలుకగా మారే గూడు దశ) కూడా చూడండి, తలకిందులుగా వేలాడుతుంటాయి. ప్లెయిన్ టైగర్‌ది లేత ఆకుపచ్చగా, అక్కడక్కడా బంగారు చుక్కలతో ఉంటుంది. కామన్ క్రోది గన్నేరు ఆకు కింద వెండి పూత పూసిన చెవికమ్మలా మెరుస్తుంది, దాంట్లో మీ మొహం కూడా కనిపిస్తుంది.

చూసినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోండి: తేదీ, ఊరు, కాళ్లు, అంచు, చుక్కల లెక్క, మచ్చ ఉన్న చోటు, పక్కనున్న మొక్క. ఐనాచురలిస్ట్ లాంటి, ఫొటోలు పెట్టి జాతుల్ని గుర్తించే వెబ్‌సైట్లలో పెట్టేటప్పుడు మూడు ఫొటోలూ పెట్టండి. ఫోన్ చూపించిన పేరు వెంటనే నొక్కకుండా, ముందు మీ లెక్కతో సరిచూడండి.

వానలు పడ్డాక జిల్లేడు ఆకుల అడుగున వెతికితే పురుగు తప్పకుండా దొరుకుతుంది. ఒకదాన్ని ఆకుతో సహా గాలి ఆడే డబ్బాలో పెట్టి, రోజూ తాజా ఆకు వేస్తే, కొన్నాళ్లకి మూతకి వేలాడి ప్యూపా అవుతుంది. ఆకుపచ్చ పోయి, పొర లోపల నారింజ రెక్కలు కనిపించాయంటే మర్నాడు పొద్దున్నే లేవండి. బయటికొచ్చిన సీతాకోకచిలుక రెక్కలు ఆరేదాకా ఖాళీ ప్యూపాని పట్టుకుని చాలాసేపు వేలాడుతుంది, ఎక్కడికీ పోదు. అప్పుడు చూడండి: పట్టుకున్న కాళ్లు నాలుగు, రొమ్ముకి ముడుచుకున్నవి రెండు, వెనక రెక్క మీద చుక్కలు మూడో నాలుగో.